సెల్లార్‌లో మోత

ఎల్బీ నగర్‌లో మూతపడ్డ కాంప్లెక్స్ ఒకటుండేది. పొద్దుగూకితే ఆ సెల్లార్ వైపు కుక్క కూడా పోయేది కాదు. కింద, నీళ్ల ట్యాంకులోంచి... టక్... టక్... టక్... ఎవరో ఇనప మూతను కొడుతున్నట్టు. దెయ్యాలు ఉత్తమాట అని అందరితో వాదించే నేను కూడా చంపాపేట్ మీదుగా చుట్టు తిరిగి ఇంటికి పోయేవాణ్ణి. నవ్వితే నవ్వుకోండి.

అసలు సంగతి అక్కడ పంపు ఆపరేటర్‌గా చేసిన అంతయ్య చెప్పాడు.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. కొత్త కాంప్లెక్స్ అప్పగించే ముందు ప్లాన్ ప్రకారం అన్నీ నడిపి చూడాలి. లిఫ్టు, జనరేటర్ అయిపోయాయి. మంటలార్పే నీళ్ల ట్యాంకు నింపి చూడాల్సిన రోజునే బంద్ వచ్చిపడింది. ఇంజినీరు వెంకట్రావు ఆగనన్నాడు.

ట్యాంకులోకి దిగేవాడు మూత పక్కన చెప్పులు విడిచి దిగాలి. చెప్పులు కనిపిస్తే నీళ్లు వదలకూడదు. అది పనివాళ్ల కట్టుబాటు.

ఆరోజు రోడ్డు మీద లాఠీచార్జి. కుర్రాళ్లు సెల్లార్‌లోంచి పడుతూ లేస్తూ పరుగెత్తారు... ఎటు చూసినా చెప్పులే, మూత చుట్టూ కూడా.

"సార్, గీటిల మనోళ్లయి ఉన్నయేమో... జర ఆగుదాం."

"పారిపోయినోళ్లవిలే అంతయ్యా. మూతేసి నీళ్లొదులు. ఎవడైనా పడ్డాడంటే నా ఉద్యోగం పోద్ది."

మూత వేశారు. నీళ్లు వదిలారు. బయట నినాదాలు, ఇటు పంపు హోరు — లోపల అడుగు కడుగుతున్న పనివాడు శేఖర్ మూతను ఎంత కొట్టినా ఎవరికి వినిపిస్తుంది?

రాత్రికి శేఖర్ ఇంటికి చేరలేదు. పొద్దున మూత తీశారు... పాపం, ఇంకేం ప్రాణముంటుంది? పని అంతటితో ఆగిపోయింది. చప్పుడు మాత్రం మొదలైంది.

అతని భార్య అండాలమ్మ రోజూ చీకటి పడే వేళకి మీర్‌పేట్ నుంచి వచ్చి మూత పక్కన కూచునేది. "నా మొగడు పిలుస్తుండు," అనేది. తిండి లేక చిక్కి సగమైంది. చూడలేక ఒకరోజు అంతయ్య టార్చి పట్టుకుని ఆమె వెంట సెల్లార్‌లోకి దిగాడు.

టక్... టక్...

 ట్యాంకులోకి పోయే పైపు మీద చెయ్యి వేశాడు. అదిరింది! నల్లా నీళ్లు వచ్చే వేళకి లోపల ఇరుక్కున్న గాలి పైపుని గోడకేసి కొడుతోంది — అంతే. కొసన బిరడా వదులు చేశాడు. గాలి బుస్సుమని పోయింది. చప్పుడు ఆగింది.

"చూసినవా చెల్లె... ఉత్త గాలి. లోపట ఎవ్వరు లేరు."

ఆమె మూతకి చెవి ఆనించింది. చాలాసేపు...

"ఎందుకు ఆపినవ్ అన్నా?" గుసగుసగా అడిగింది. "గాలైతె గాలే అయ్యేది... రేపు పొద్దుగూకితె నేనేడికి పోవాలె?"