హరీష్ నడవని దారి

ఉదయం 11:20. హన్మకొండలోని విత్తన పరీక్షల ల్యాబ్ టెర్రస్ మీద నుంచి ఉద్యోగి హరీష్ కిందపడి చనిపోయాడు.

పైన అతని కంప్యూటర్‌లో, మే నెల రిపోర్టుల ఫోల్డర్‌లో ఒక ఉత్తరం దొరికింది. ‘మొలకెత్తని పత్తి విత్తనాలకు పాస్ రిపోర్టులిచ్చింది నేనే. క్షమించండి.’ సేవ్ అయిన టైం 11:05.

"సూసైడే మేడం. జల్ది క్లోజ్ చేయున్రి," అన్నాడు మేనేజర్ ఓంప్రకాశ్.

ఎస్సై శోభారాణికి ఒళ్లు మండింది. శవం ఇంకా చల్లబడనే లేదు, ఈయనకేం తొందరో! గేటు దగ్గర, ఉత్తరం సంగతి విన్న హరీష్ తల్లి సమ్మమ్మ ఏడవకుండా నిలబడి ఉంది. ఇప్పుడు కేసు మూస్తే ఆమె కొడుకు దొంగగానే కాటికి పోతాడు.

శోభారాణి పైకి వెళ్లి హరీష్ కంప్యూటర్ ముందు కూర్చుంది. నల్ల స్క్రీన్; ఏ ఫోల్డర్ తెరవాలన్నా కమాండ్ టైప్ చేయాల్సిందే. కొట్టిన ప్రతి కమాండూ టైముతో సహా హిస్టరీలో ఉంది.

10:40 వరకు అన్నీ పొట్టి కమాండ్లే. 10:58 నుంచి తీరు మారింది. ఒక ఫోల్డర్‌లోకి దిగడం, లిస్టు చూడడం, ఇప్పుడు ఎక్కడున్నానని కంప్యూటర్‌ను అడగడం, మళ్లీ దిగడం. పద్నాలుగు లైన్లు.

శోభారాణి వెనక్కి తిరిగింది.

"ఈ కంప్యూటర్ ఎవరెవరు వాడతారు?"

"హరీష్, నేను, సార్. మేం ముగ్గురమే మేడం," అంది హరీష్ తోటి ఉద్యోగి లావణ్య.

"నేనైతే పొద్దుగాల నుంచి కిందనే ఉన్న," అన్నాడు ఓంప్రకాశ్.

"మే నెల రిపోర్టులు తీసి చూపించండి. ముందు నువ్వు, లావణ్యా."

లావణ్య ‘z’ కొట్టి, పక్కన ‘may’ అని కొట్టింది. ఎంటర్. ఫోల్డర్‌లో ఉంది!

"ఇంత తొందరగానా?"

"హరీషే నేర్పిండు మేడం. మనం పోయిన ఫోల్డర్లన్నీ ఇది యాద్ పెట్టుకుంటది. పేరుల ముక్క కొడితే సీదా తీస్కపోతది. ఆయన ఒక్కో ఫోల్డర్ పేరు కొట్టుకుంట పూరా తొవ్వ ఎన్నడూ నడవలే."

ఓంప్రకాశ్ కూర్చున్నాడు. దిగాడు. లిస్టు చూశాడు. ఎక్కడున్నానని అడిగాడు. మళ్లీ దిగాడు. శోభారాణి అతని వెనుక నిలబడి లెక్కపెట్టింది. పద్నాలుగు!

"సొంతింటికి పోయేటోడు గల్లీ గల్లీలో అడ్రస్ అడుగుతాడా, ఓంప్రకాశ్?"

"అంటే... ఏంది మేడం?"

"ఉత్తరం రాసినోడు అడుగడుగునా అడిగాడు. హరీష్ అడగడు. లావణ్య అడగదు. 10:58కి ఈ కుర్చీలో ఎవరున్నారు?"

ఓంప్రకాశ్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"ఫెయిల్ రిపోర్టులు పాస్ అని మార్చుమంటే హరీష్ మార్చలే, నేనే మార్చిన," అన్నాడు. "కలెక్టర్ దగ్గరికి పోతా అన్నడు. చాయ్‌కి పంపి ఉత్తరం రాసిన. వచ్చినంక మాట్లాడుదామని టెర్రస్ మీదికి తీస్కపోయి నూకిన."

ఎంత చల్లగా చెప్పాడు, పాపిష్టోడు! కానిస్టేబుల్ అతని చేతులకు బేడీలు వేశాడు.

శోభారాణి గేటు దగ్గరికి నడిచింది.

"అమ్మా, ఆ ఉత్తరం నీ కొడుకు రాయలేదు. అబద్ధం రిపోర్టు ఇయ్యనన్నందుకే చంపారు."

సమ్మమ్మ అక్కడే నేల మీద కూలబడింది.

"అయితే ఇగ ఏడుస్త బిడ్డా," అంది. "దొంగ కొడుక్కు ఏడుస్తాందంటరని గింతసేపు బిగపట్టిన."