ఓల్డ్ అని రాయకూడని షాపు

నేను మొదటిసారి ఆ షాపుకి వెళ్ళింది మంచం కొనడానికి, రెండోసారి వెళ్ళింది పోట్లాడటానికి.

మా వీధి చివర, లాండ్రీ పక్కన, వాడిన సామాను అమ్మే షాపు అది, బోర్డు మీద ఆ సంగతి ఉండదు. పాపకి చిన్న మంచం తీసుకున్నాను. దానికి కట్టిన చీటీ మీద ఏదో పొడుగు ఇంగ్లీషు మాట ఉంటే కంపెనీ పేరనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే కమ్మీల మీద ఎవరో పసిబిడ్డ కొరికిన గాట్లు. ఇక నాకు కుదురు లేదు. మా పాపా కొరుకుతుంది, ఆ రంగు పెచ్చులు కడుపులోకి పోతాయి, అప్పుడు నేనేం కాను?

"పాతది అని రాస్తే మీ సొమ్మేం పోయింది?" అని అడిగాను, చీటీలు రాసే అతన్ని.

అతను గొంతు తగ్గించి, గల్లాపెట్టె దగ్గర కునుకు తీస్తున్న ఓనరమ్మని చూపించాడు. "ఆవిడకి డెబ్బై దాటాయండీ. షాపులో ఓల్డ్ అన్న మాట కనిపించకూడదని ఆర్డరు. నేను గానీ రాశానంటే ఈ షాపుకి ఫార్మర్ ఉద్యోగిని, అదే, మాజీనైపోతాను."

నవ్వొచ్చింది. నేను వచ్చింది నవ్వడానికి కాదు గనక ఆపుకున్నాను. ఆ సాయంత్రమే అతను గరుకు కాగితం పట్టుకొచ్చి, మా గుమ్మంలో కూర్చుని కమ్మీలన్నీ రుద్ది నున్నగా చేశాడు. లోపలికి రమ్మని నేను అనలేదు. అతనూ అడగలేదు.

నేను లాండ్రీకి బొత్తాలూ జిప్పులూ కుట్టిచ్చేదాన్ని. శనివారం మూట దించితే వాళ్ళు ఎన్ని అంటారు, నేను నలభై అంటాను. వారమంతటికీ పెద్దవాళ్ళతో నేనాడే మాటలు అవే. పాప పుట్టకముందే మా ఆయన పోయారు. పాపకి ఇంకా మూడో ఏడు నిండలేదు కాబట్టి మా ఇంట్లో కబుర్లంటే కాకి, పిల్లి, చందమామ.

అందుకని శనివారాలు మూట దించాక ఆ షాపులో ఆగడం మొదలుపెట్టాను. తొమ్మిదో తరగతి మధ్యలో చదువు మానేసినదాన్ని. చీటీల మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే అతను పక్కన నిలబడి అర్థం చెప్పేవాడు.

ప్రీవియస్ అంటే సరిగ్గా దీనికి ముందుదట. ఎర్లియర్ అంటే ముందు కాలానిదట. ఫార్మర్ అంటే ఒకప్పుడు అలా ఉండి, ఇప్పుడు కానిదట. ప్రయర్ అనేది ఆఫీసు కాగితాల మీదే తిరుగుతుందట, ఇస్త్రీ చొక్కా వేసుకుని. గడిచిపోయినదానికి ఇన్ని మాటలెందుకు అంటే, ఓనరమ్మ వయసు అలాంటిది అన్నాడు.

ఒకరోజు నేనే అడిగాను, చనిపోయిన మనిషి పేరు ముందు ఏం రాస్తారని.

అతను చాలాసేపు ఒక గడియారం తుడిచాడు. "తెలీదండీ" అన్నాడు.

అబద్ధం. అన్ని మాటలు తెలిసినవాడికి అదొక్కటి తెలియకపోవడమేమిటి? నాకూ తెలుసు దాన్ని, పాప కాగితాల మీద ఆయన పేరు ముందు లేట్ అని చూశాను. అతని నోట వినాల్సి రానందుకు ఇంటిదాకా తేలిగ్గా నడిచాను. తర్వాత భయమేసింది, అలా తేలిగ్గా నడిచినందుకు.

ఆ వారమే పాప ఆయన కుర్చీ ఎక్కింది. కుంటి కాలు కుర్చీ, ఒరిగింది. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. మర్నాడే అతన్ని పిలిచి కుర్చీ షాపుకి తీసుకుపొమ్మన్నాను. పాప కోసమే అన్నాను. అది సగమే నిజం. రోజూ అన్నం తినేటప్పుడు ఎదురుగా ఆ ఖాళీ కుర్చీ ఉంటే ముద్ద దిగేది కాదు.

అది పోయాక అసలే దిగలేదు.

శనివారం వెళ్ళి చూస్తే షాపులో కుర్చీ లేదు. అతనూ లేడు, సామాను దించడానికి వెళ్ళాడట. అమ్మేశాడన్నమాట, ఒక్క మాటైనా చెప్పకుండా. ఇచ్చింది నేనే, ఏడ్చిందీ నేనే, ఎవరిమీద కోపగించుకోను? రెండు శనివారాలు తల దించుకుని ఆ షాపు దాటిపోయాను.

మూడో వారం ఓనరమ్మ లాండ్రీ దాకా వచ్చి నన్ను పట్టుకుంది. "ఏం మందు పెట్టావే మా వాడికి? ఒక్క కుర్చీకి పదకొండు చీటీలు చింపాడు. చీటీలు కోసే అట్టలన్నీ తగలేశాడు. వచ్చి నీ కుర్చీ సంగతేదో తేల్చు."

కుర్చీ వెనక గదిలో ఉంది, దుప్పటి కప్పి. కుంటి కాలు బిగించి ఉంది. ఊపి చూశాను, కదల్లేదు. చీటీ వేలాడుతోంది. ప్రీవియస్ కొట్టేసి ఉంది. ఫార్మర్ కొట్టేసి ఉంది. కింద ఇంకో రెండు, అవీ కొట్టేసినవే.

"ఈ మాటలన్నీ అయిపోయినవాటికండీ. మీకిది అయిపోలేదనిపించింది. అందుకే అమ్మకానికి పెట్టలేదు" అన్నాడు అతను, నా వెనకే వచ్చి.

నేను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. ఇది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇంకెవరికీ చోటుండదని చెప్పాలనుకున్నాను. దుప్పటి తీసి మడత పెట్టాను. అతనికి అర్థమైనట్టుంది.

"ఆయన కుర్చీలో నేను కూర్చోనండీ" అన్నాడు, నేలకేసి చూస్తూ. "మీరెప్పుడైనా రమ్మంటే, నా స్టూలు నేనే తెచ్చుకుంటాను."

"రేపు సాయంత్రం పాప నిద్ర లేచాక రండి" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం.

మర్నాడు సాయంత్రం సన్నగా వాన. కుర్చీ నెత్తిన పెట్టుకుని, అదే గొడుగన్నట్టు వచ్చాడు. చంకలో స్టూలు. నేను అలవాటుగా దాని చీటీ కోసం వెతికాను. లేదు.

"దీనిమీద ముందు ఎవరూ కూర్చోలేదండీ. నేనే చేశాను."

తల్లి చెయ్యి ఊరుకోదు కదా, ముందు మూలలు తడిమాను. పాప పడితే నుదురు తగలకుండా నాలుగు మూలలూ గుండ్రంగా అరగదీసి ఉన్నాయి.

అతనింకా గుమ్మం బయటే తడుస్తున్నాడు. "ఎక్కడ వేసుకోమంటారు?"

నేను ఆయన కుర్చీని దాని పాత చోటులోనే పెట్టి, పాపని ఎక్కించాను.

"లోపలికి రండి" అన్నాను. "దాని పక్కన వేసుకోండి."