పారిపోయిన నీలికుండ

కాదు మనవరాలా, "నేను" అని రాయకు. తొంగ్‌దా అని నా పేరు పెట్టి రాయి. ఇంకెవరి సంగతో చెప్తున్నట్టయితే నోరు తిరుగుద్ది నాకు. నిదానంగా చెప్తా. తప్పులుంటే ఉండనీ.

తొంగ్‌దాకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. సోంగ్‌క్రామ్ ఏటికి ఇవతల, మనూళ్ళో ఉప్పు కాచేవాడు. ఏరు నిండాక ఉప్పు బుట్టలు పడవలో వేసుకుని అవతలి ఊళ్ళకి పోయేవాడు. ఉప్పిచ్చి బట్ట తెచ్చుకునేవాడు. ఆ ఏడు మొదటిసారి నాఖామ్ పోయాడు. నాఖామ్‌లో ఇళ్ళన్నీ ఎత్తు గుంజల మీదే, ప్రతి ఇంటి కిందా మగ్గమే, ప్రతి మగ్గం పక్కనా నీలిమందు కుండే. ఆడవాళ్ళ గోళ్ళు చూస్తే చాలు, ఏ ఊరి మనిషో తెలిసిపోద్ది.

పడవ దిగేసరికి వాన ఎత్తుకుంది. బుట్ట నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు. జారాడు. బురదలో పొర్లి లేచి, దగ్గర్లో ఉన్న ఇంటి కింద దూరాడు. మెట్ల పక్కన మూతేసిన కుండ ఉంది. కాళ్ళూ చేతులూ కడుక్కునే కుండేగా మెట్ల దగ్గర ఉండేది! జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంది, వాసన తెలిసింది కాదు. మూత తీసి రెండు చేతులూ మణికట్ల దాకా ముంచి, శుభ్రంగా కడుక్కున్నాడు.

"ఒరేయ్! ఎవడ్రా నువ్వు!"

మెట్ల మీద ఒక పిల్ల. చేతిలో చీపురు. జడలోంచి వాన నీళ్ళు కారుతున్నాయి.

"ఉప్పు... ఉప్పబ్బాయిని."

"ఉప్పబ్బాయివైతే ఉప్పులో పెట్టుకో చేతులు! అది మా అమ్మమ్మ వాళ్ళమ్మ నాటి కుండ. పొద్దున్నే దణ్ణం పెట్టుకుని గాని మూత తియ్యం. దాంట్లో బురద కడుగుతావా?"

తొంగ్‌దా చేతులు బయటికి తీశాడు. ముందు పచ్చగా ఉన్నాయి. గాలి తగిలేసరికి నీలమయిపోయాయి. వాడు వాటిని చూసి కెవ్వుమన్నాడు. చీపురెత్తిన పిల్ల కాస్తా, నవ్వాపుకోలేక మెట్టు మీద కూలబడింది.

పైనుంచి ముసలమ్మ తొంగి చూసింది. "బువాలా, ఎవరే?"

"దొంగ, అమ్మమ్మా. చేతులు రెండూ రంగులో పెట్టి దొరికిపోయాడు."

"పోనీలే పాపం. ఇంక వాళ్ళూరి పిల్లలెవరూ వాడి చెయ్యి పట్టుకోర్లే."

ఎనిమిదో రోజున మళ్ళీ పోయాడు వాడు.

"రంగు పోలేదు," అన్నాడు, చేతులు చాపి.

"అయితే?"

"పోయే మందేమైనా ఉందేమో అని."

"ఉంది. మళ్ళీ ఇటు రాకుండా ఉండటం."

"ఆ మందు నాకు పడదు."

"అయితే ఆ మోకాలు అడ్డం తీసి, మూత పట్టుకో. కుండకి అన్నం పెట్టాలి."

అన్నమంటే చింతపండు నీళ్ళు, బూడిద నీళ్ళు, కాస్త సున్నం, చిన్న గిన్నెడు సారా. కలిపి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చూసేది. నురగ రాగిరంగులో లేస్తే "ఈరోజు బాగుంది మా అమ్మ" అనేది కుండని. వాడు కుండని చూశాడా? నురగని చూశాడా? నీలం అంటిన ఆ పెదవినే చూశాడు. అది ఆ పిల్లకి తెలుసు. తెలిసి ఇంకాస్త ఆలస్యంగా తుడుచుకునేది.

మూడు నెలలు అలా గడిచాయి. చెయ్యి పట్టుకున్నది లేదు. ఒకరోజు మగ్గం మీదనుంచి తలెత్తకుండానే అంది: "కోతలయ్యాక మీ అమ్మని తీసుకురా. వట్టి చేతులతో రాకండి, ఉప్పు తెండి. మా అమ్మమ్మకి అల్లుడి కంటే ఉప్పే ముఖ్యం."

ఆ రోజు పడవ ఎలా నడిపాడో వాడికే తెలీదు.

తర్వాత ముసురు పట్టింది. పన్నెండు రోజులు ఎండ మొహం లేదు. కుండ డీలా పడింది. నురగ రావట్లేదు. బువాలా మొహంలో నవ్వు లేదు.

"నాలిక మీద చప్పగా తగుల్తోంది, తొంగ్‌దా. అమ్మమ్మ రాత్రంతా దాని పక్కనే కూర్చుంటోంది."

తర్వాత పండగ రోజొచ్చింది. అందరూ గుడికి పోయారు. ఆ రోజు ఎవరూ రంగు ముట్టరు. తొంగ్‌దా వచ్చేసరికి ఇంటి కింద ఎవరూ లేరు. మూత తీశాడు. పాలిపోయి ఉంది. చిన్న గిన్నెడు సారాకే లేచి కూర్చునేది, నిండు సీసా పోస్తే గెంతుతుంది కదా అనుకున్నాడు. ఆ పిల్ల గుడినుంచి వచ్చి మూత తీసి, నురగ చూసి నవ్వాలి. అదే వాడి ఆశ. సంచిలో ఉన్న సీసా మొత్తం ఒంపి, ఖాళీ సీసాతో ఏరు దాటి వచ్చేశాడు.

తెల్లారి కుండ కుళ్ళు కంపు కొట్టింది. బట్ట ముంచితే బురద రంగు తప్ప ఏమీ పట్టలేదు. నాఖామ్‌లో కుండ చచ్చిపోయిందనరు. పారిపోయింది అంటారు. ఎందుకు పారిపోయిందో కూడా వాళ్ళే చెప్పేస్తారు. కడుపుతో ఉన్న ఆడది వంగి చూస్తే కుండ ఆ ఇంట్లో ఉండదట.

ఆ కుండలోకి వంగేది ఇద్దరే. ముసలమ్మకి ఎనభై. ఇంక మిగిలిందెవరు?

నాలుగో రోజుకి నాఖామ్ పెద్దలు పడవలో మన గుమ్మంలోకి దిగారు. ఆ పిల్లకి కడుపు వీడి వల్లేనని, పెళ్ళి చెయ్యమని వాళ్ళన్న మాట విని తొంగ్‌దా తల్లి కొడుకు వీపు మీద ఒక్కటి చరిచి, వెంటనే నవ్వేసింది. "ముందే చెప్పి చావచ్చు కదరా! పిల్ల మంచిదేనా?"

వాడు నోరు తెరిచాడు. సారా సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. చెప్తే బువాలా పేరు నిలుస్తుంది. కానీ మనవైపు అల్లుడు పోయి ఉండాల్సింది ఆ ఇంట్లోనే. ఆ ఇంటి కుండని చంపినవాణ్ణి ముసలమ్మ మెట్టెక్కనిస్తుందా? చెప్పకపోతే, అడక్కుండానే పిల్లనిస్తున్నారు.

వాడు నోరు మూసుకున్నాడు.

పెళ్ళికి రెండ్రోజుల ముందు పోతే, బువాలా బోర్లించిన కుండ పక్కన కూర్చుని ఉంది.

"నా కడుపులో ఏమీ లేదని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"ఎలాగూ పెళ్ళవుతోంది కదా బువాలా. అయ్యాక ఎవరడుగుతారు?"

"అమ్మమ్మ నాతో మాట్లాడటం మానేసింది. తన మగ్గం ముట్టుకోనివ్వట్లేదు. కంచం మాత్రం పెట్టి పక్కకి తిరుగుద్ది. నువ్వొద్దని కాదయ్యా. ఈ మచ్చ మీద కాపురం వద్దు. ఒక్క మాట చెప్పు వాళ్ళకి. తర్వాత కోతలయ్యాకే రా, ఉప్పు తీసుకుని రా. నేను ఎక్కడికీ పోను."

"చెప్తా," అన్నాడు తొంగ్‌దా.

చెప్పలేదు.

పెళ్ళిరోజు పెద్దలంతా చుట్టూ కూర్చున్నారు. పెళ్ళివాళ్ళ మణికట్లకి కట్టే తెల్లదారాలు సిద్ధంగా ఉన్నాయి. పెద్దాయన మొదటి దారం ఆ పిల్ల చేతికి చుట్టబోతుంటే ఆపింది. అందరి ముందూ వాడివైపు తిరిగి అడిగింది.

"తొంగ్‌దా, నా చెయ్యి ఎప్పుడైనా పట్టుకున్నావా? లేదు అను, చాలు."

ఒక్క మాట. చిన్న మాట. అంటే ఆ వెనకే, మరి కుండ ఎలా పోయిందిరా అంటారు. వాడు తల దించుకున్నాడు.

తల దించుకుంటే ఔననే కదా అర్థం! ఆడవాళ్ళు నిట్టూర్చారు. ముసలమ్మ మొహం తిప్పుకుంది. బువాలా వాణ్ణి ఎంతసేపు చూసిందో... కోపం ఉంటే బాగుండేది మనవరాలా. కోపం లేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. లేచి, అమ్మమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, బట్టల మూట తీసుకుని బస్సు రోడ్డుకి నడిచింది. బాంకాక్‌లో నూలు మిల్లులో చేరిందని తర్వాత తెలిసింది.

బిడ్డ పుట్టలేదు. అప్పుడైనా ఊరికి తెలియొద్దూ? లేదు, ఇంకో మాట అన్నారు. ఆ మాట నీ చేత రాయించను. మూడో ఏడు ముసలమ్మ పోయింది, మనవరాలితో మాట కలపకుండానే. తొంగ్‌దాకి వేరే పెళ్ళయింది, మీ నాన్న పుట్టాడు. మీ నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఇది ఆమెకి కూడా చెప్పలేదు. ఇప్పటికి యాభై ఎనిమిదేళ్ళయింది.

బువాలా పోయిన చలికాలం నాఖామ్ వచ్చేసిందట. అదే ఇంట్లో ఉంటోందట. చూపు ఆనట్లేదంటున్నారు, కాబట్టి కాగితం చేతికిచ్చి వచ్చెయ్యకు. నువ్వే చదివి వినిపించు. నేను రాను. నడిచే కాళ్ళున్న రోజుల్లోనే పోనివాణ్ణి, ఇప్పుడేం పోతాను. క్షమించమని అడగొద్దు, అది నీ పని కాదు.

గదిలో కూర్చుని మెల్లగా చదవకు. ఇంటి కిందకి రమ్మను, పక్కిళ్ళ వాళ్ళని కూడా పిలువు. కుండ పారిపోయింది నీ వల్ల కాదు బువాలా, తొంగ్‌దా పోసిన సారా వల్ల, వాడు నీ చెయ్యి ఏనాడూ పట్టుకోలేదు... ఈ ముక్క దగ్గర గొంతు పెంచు. ఎవరికైనా వినపడలేదంటే ఇంకోసారి చదువు.