పంతొమ్మిదో పేరు

పిల్లలూ, మీ ముత్తాత రాళ్ళ మీద పేర్లు చెక్కేవాడని మీకెవరూ చెప్పలేదు. మనింట్లో దాచిపెట్టిన సంగతి ఇది. ఇక దాచను.

యుద్ధం ముగిసిన ఏడాది సర్కారు ఆఫీసు గుమాస్తా ఒక జాబితా తెచ్చాడు. చనిపోయిన సైనికులు, ఇరవై రెండు మంది. చౌరస్తాలో నిలబెట్టే రాయి మీద ప్రతి పేరు ముందూ 'వీరుడు' అని చెక్కాలి. పంతొమ్మిదో పేరు ముత్తాత సొంత తమ్ముడిది.

ఆ తమ్ముడు చివరిసారి సెలవుకి వచ్చినప్పుడు కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "మనుషులు లోపలుండగానే ఒక ఇంటికి గడియ పెట్టి నిప్పంటించానన్నా. లోపల్నుంచి తలుపు కొట్టారు. అడుగున... చిన్న చేతులు. మా దళం వంటవాడు గడియ తియ్యబోతే మావాళ్ళే కాల్చేశారు."

ముత్తాత జాబితా అటూ ఇటూ తిప్పాడు. "వంటవాడి పేరేదీ?"

"మాట విననివాడు. వాడికి రాతి మీద చోటు లేదు."

"అయితే నా తమ్ముడి ముందు ఆ మాట వద్దు."

గుమాస్తా నవ్వాడు. "యూనిఫాం వేసుకున్నవాడల్లా వీరుడేనయ్యా. అక్షరాలు చెక్కు, తీర్పులు చెప్పకు."

ముత్తాతకి ఒళ్ళు మండింది. కానీ వాళ్ళమ్మ గడపలో నిలబడి, "నాకు మిగిలింది ఆ ఒక్క మాటేరా," అంది. కాదనలేక ఉలి పట్టాడు.

మిట్టమధ్యాహ్నం. షెడ్డు నిండా రాతిపొడి వాసన. మాట పూర్తవగానే కళ్ళు మూసుకుని అక్షరాలు వేలితో తడిమి చూసుకోవడం ఆయన అలవాటు. తడిమాడు. రాయి వెచ్చగా ఉంది. తర్వాత వేడిగా... మాడిన వెంట్రుకల కంపు.

టక్. టక్. టక్.

సుత్తి నేల మీదుంది. చప్పుడు రాతి లోపల్నుంచి... అడుగునుంచి.

"అన్నా," చెవి పక్కన గుసగుస. "తీసెయ్. మళ్ళీ గడియ పెట్టేశావు."

ఉలితో ఆ మాటని చెరిపేశాడు. చప్పుడు ఆగింది. కింద ఖాళీలో, తమ్ముడి నోట విన్న వంటవాడి పేరు చెక్కి, ఆ మాట దాని ముందు పెట్టాడు.

చచ్చేదాకా తల్లి ఆయనతో మాట్లాడలేదు. ఆఫీసువాళ్ళు ఆ రాయి పగలగొట్టించి, ఇంకొకడి చేత కొత్తది చెక్కించారు. మళ్ళీ ఇరవై రెండు మందీ వీరులే. వంటవాడు లేడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ కొత్త రాయి ఇప్పటికీ చౌరస్తాలో ఉంది. మొదట్లో దాని వెనక, మోకాలి ఎత్తున, మసి అంటిన చిన్న అరచేతుల ముద్రలు ఉండేవట. తుడిస్తే పోయేవి, తెల్లారితే వచ్చేవి. మా అమ్మ చూసినప్పుడు నడుము ఎత్తులో ఉన్నాయి. కిందటేడు నేను చూశాను. నా భుజం దాకా వచ్చాయి.

ఇది మీ పిల్లలకి చెప్పండి. ఎవరైనా అందరినీ కలిపి ఆ మాట అంటుంటే, గడియ ఎవరు పెట్టారో, ఎవరు తియ్యబోయారో అడగమనండి. ఆ చౌరస్తాకి వెళ్తే, రాతి వెనక్కి వెళ్ళి ఎత్తు చూసి రమ్మనండి.