రాట తీసిన చెయ్యి

"బావగారూ! మీ కాళ్ళు పట్టుకుంటాను... ఆ ఒక్క రాటా తీయించండి! మీ తమ్ముడు ఎలిపోతన్నాడు బావగారూ!"

కాంతం నిజంగానే కూర్మనాథం కాళ్ళ మీద పడిపోయింది. అరుగు మీద నులకమంచంలో ఆమె భర్త లోకనాథ్ తెల్లగా పాలిపోయి ఉన్నాడు. తుఫాను గాలి తగ్గిందని పొద్దున్నే తోటలోకి వెళ్ళాడు. సగం విరిగి నిలబడ్డ కొబ్బరిచెట్టు అతని మీదే విరుచుకుపడింది. తొడ నుజ్జయిపోయింది. ఎన్ని గుడ్డలు కట్టినా నెత్తురు ఆగలేదు. పలాస ఆసుపత్రికి తీసుకుపోదామంటే దారి ఏది? ఉద్దానం తోటలన్నీ నేలకొరిగాయి. రోడ్డు మీద కొబ్బరిచెట్లు, వాటి మీద జీడిచెట్లు... సైకిలు కూడా కదలని పరిస్థితి!

అలాంటప్పుడు వచ్చింది హెలికాప్టర్. పులిహోర పొట్లాలు విసరడానికి విశాఖ నుంచి వచ్చిన నేవీ వాళ్ళది. కాంతం మేడ ఎక్కి, నెత్తుటి చీర ఊపుతూ గొంతు చించుకుని అరిచింది. వాళ్ళు చూశారు! తాడు మీద ఒక మనిషిని కిందికి దింపి, హెలికాప్టర్ సముద్రం వైపు చుట్టు తిరగడానికి వెళ్ళింది.

దిగినవాడి పేరు ఇమ్మానుయేలు. టెక్కలివాడే, నేవీలో వైద్యసహాయకుడు. మంచం పక్కన మోకరిల్లి, లోకనాథ్ గజ్జల దగ్గర తన పిడికిలి దిగేలా అదిమి పట్టాడు. నెత్తురు ఆగింది!

"సెయ్యి తీస్తే మళ్ళీ పోద్ది అమ్మా. నడుం కూడా దెబ్బతింది, తాడుకి కట్టి పైకి లాగలేం. హెలికాప్టర్నే కిందికి దించాల్సిందే. అదిగో, ఆ కళ్ళం ఖాళీగా ఉంది. మజ్జిలో ఆ రాట ఒక్కటీ తీసెయ్యండి. రెక్క తగిలితే అందరం పోతాం."

అక్కడ వచ్చింది చిక్కు.

అది పందిరి వేయబోయే చోట పాతిన పెళ్ళిరాట! కూర్మనాథం కూతురు ప్రియకు హరిశ్చంద్రపురం సంబంధం కుదిరింది. ముత్తయిదువలు పసుపు రాసి, నవధాన్యాల మూట కట్టి, గోతిలో పాలు పోసి నాటిన పొడవాటి వెదురు రాట. ఒకసారి నాటాక పెళ్ళి అయ్యేదాకా దాన్ని కదపకూడదు. పైగా నిన్న ఇన్ని చెట్లు కూలినా ఆ రాట మాత్రం కూలలేదు. పొద్దుటినుంచీ కూర్మనాథం దాన్నే అందరికీ చూపిస్తూ లెంపలు వేసుకుంటున్నాడు.

"అంత గాలికీ నిలబడింది కాంతం! అమ్మోరే నిలబెట్టింది. దాన్ని పీకితే నా పిల్ల గుంట బతుకు ఏటవుతాది? ఓపిక పట్టు. రేపటికి రోడ్డు బాగవుతాది."

"రేపటికా! రేపటికి ఈయన ఉంటారా బావగారూ?"

"అంతా మన సేతిలో ఉందేటి..." అంటూ ఆయన మొహం తిప్పుకున్నాడు.

తండ్రి పోయాక ఈ అన్న మాటే వేదమని బతికినవాడు లోకనాథ్! ముందు అన్నకు అన్నం పెట్టాకే తాను తినేవాడు! అమ్మవారికి ఏటేటా చీర పెట్టే కాంతానికి ఆ క్షణాన ఒక సందేహం కలిగింది. అంత గాలిలో రాటను నిలబెట్టిన తల్లి, ఒక ప్రాణం కోసం దాన్ని కాసేపు పడుకోబెడితే కోపగించుకుంటుందా? ఇది భక్తా, లేక భక్తి ముసుగు వేసుకున్న రాయా?

ఆమె పరుగెత్తి రాటను పట్టుకుంది. అది కదలలేదు. "దాని సుట్టూ మట్టి తవ్వండి, కదుల్తాది," అని ఇమ్మానుయేలు మంచం దగ్గరనుంచే అరిచాడు.

కూర్మనాథం ఉలిక్కిపడి అటు తిరిగాడు. "నువ్వెవుడివి మా రాట సంగతి సెప్పడానికి? నీ పేరేటి, మతమేటి? దాని మీద సెయ్యేస్తే ఊరుకోను!"

"నా సెయ్యి ఖాళీ లేదు బాబూ," అన్నాడు ఇమ్మానుయేలు తల ఎత్తకుండానే. "మీ తమ్ముడి ప్రాణం పట్టుకుని ఉంది."

ఆ మాటకి లోపలినుంచి ప్రియ పరుగెత్తుకొచ్చింది. చేతిలో గునపం! చేతులకు గాజులు, నుదుట బొట్టు, పెళ్ళికూతురి కళ... "ఓలమ్మ! దిక్కుమాలినదానా, వద్దే!" అని తల్లి సరోజిని కేక పెట్టింది. ప్రియ వినలేదు. గునపంతో నాలుగు పోట్లు పొడిచింది. పిన్ని, కూతురు కలిసి రాటను ఊపారు. నవధాన్యాల మూట తెగి గింజలు మట్టిలో చెదిరిపోయాయి. రాట ఒరిగింది!

"సిన్నాన్న లేని పెళ్ళి నాకొద్దు నాన్నా!"

హెలికాప్టర్ తిరిగొచ్చి కళ్ళంలో దిగింది. ఇసుక, ఆకులు సుడి తిరిగాయి. ఇద్దరు సిబ్బంది స్ట్రెచర్‌తో పరుగెత్తుకొచ్చారు. ఇమ్మానుయేలు వంగిన నడుం వంగినట్టే, పిడికిలి తీయకుండా, స్ట్రెచర్ పక్కనే నడిచి లోపలికి ఎక్కాడు. విశాఖ ఆసుపత్రిలో డాక్టర్లు అందుకునేదాకా అతను ఆ చెయ్యి తీయలేదు! హెలికాప్టర్‌లో పక్కనే కూర్చున్న కాంతం, వణుకుతున్న అతని మోచేతిని రెండు చేతులా పట్టుకుని ఏడుస్తూనే ఉంది.

లోకనాథ్ బతికాడు. కాలు మోకాలి పైదాకా తీసేశారు. కానీ బతికాడు!

ఇంటికి వచ్చాక కాంతానికి తెలిసిన సంగతి వేరు. హెలికాప్టర్ ఎగిరిందో లేదో, కూర్మనాథం ఇస్త్రీ కండువా వేసుకుని బయటికొచ్చాడట. ఊళ్ళోకి నడిచొచ్చిన విలేకరితో "తమ్ముడి కోసం పెళ్ళిరాట నానే పీకించాను" అని చెప్పి, కళ్ళంలో చెయ్యెత్తి ఫొటో దిగాడట! ఆ పేపరు ముక్క ముందుగదిలో అద్దం బిగించి ఉంది. మగపెళ్ళివారు పేపరు చూసి అడగడానికొస్తే మాత్రం, "నాను ఒప్పుకోలేదు బావా, మా కాంతం మొండిగా పీకేసింది. పేపరోడు తప్పు రాశాడు" అన్నాడట.

కాంతానికి కడుపులో తిప్పింది.

"నా గుంట కోసం నోరు మూసుకో అమ్మా," అని సరోజిని ఆమె గడ్డం పట్టుకుని బతిమాలింది. "పెళ్ళికూతురే పీకిందంటే ఆ సంబంధం నిలబడదు."

"మూసుకుంటానప్పా," అంది కాంతం అక్కలాంటి తోటికోడలితో. "నా బొట్టు నిలబెట్టిన పిల్ల! దాని కోసం ఎన్ని మాటలైనా పడతాను."

కొత్త ముహూర్తానికి కొత్త రాట. పీకిన చెయ్యి దీని మీద పడకూడదని వియ్యపురాలు ముందే కబురు పెట్టి, తానే దగ్గరుండి చూడడానికి వచ్చింది. వాకిట్లో మేళం మోగుతుంటే, కాంతం పెరటివైపు వంటింట్లో కూర్చుని కొబ్బరి తురుముతోంది. పక్కన కర్రకాలు ఒళ్ళో పెట్టుకుని లోకనాథ్... ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

హఠాత్తుగా మేళం ఆగింది.

"అత్తా!" ప్రియ గొంతు! "ఆ రాట పీకింది పిన్ని కాదు. పీకిన సెయ్యి ఇది! సంబంధం వద్దనుకుంటే ఇప్పుడే సెప్పేయండి. మా పిన్ని పసుపు రాయని రాట కింద నాను కూకోను!"

కాంతం తురుము పక్కకి నెట్టి లేచింది. బయటికి పరుగెత్తింది. కూర్మనాథం మొహం కండువాలో దాచుకుంటున్నాడు. వియ్యపురాలు ప్రియను ఎగాదిగా చూసి, ఆయన వైపు తిరిగింది.

"పేపరోడితో ఒకటి, మాతో ఇంకొకటీనా అన్నయ్యా? పిల్ల సెయ్యి మంచిదే. బాగోనిది మీ నోరు!" అని, "ఏటలా సూత్తారు? ఆ కాంతాన్ని ముందుకి రానియ్యండి. కట్టుకున్నోణ్ణి కాపాడుకున్న సెయ్యి. ముందు పసుపు ఆవిడే రాయాలి!" అంది.

సరోజిని ఏడుస్తూ కాంతాన్ని కౌగిలించుకుంది. కూర్మనాథం పసుపు గిన్నె పట్టుకుని ఎదురొచ్చాడు.

"కాంతం... ఇకనైనా మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోను బావగారూ," అందామె నెమ్మదిగా. "పెట్టుకుంటే కడుపులో తిప్పుతాది."

ఆయన చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కాంతం తోటికోడలి గిన్నెలోంచి పసుపు తీసుకుని, రాటను రెండు చేతులా అదిమి పట్టింది. ఎక్కడో ఆకాశంలో, వణుకుతూ కూడా వదలని ఒక పిడికిలి ఆమె కళ్ళకు కనిపించింది. తల్లీ, ఆ సెయ్యి సల్లగా ఉండాల... అని ముందు ఆ చేతి కోసమే మొక్కుకుని, తర్వాత రాటకు పసుపు రాసింది.