మాస్టారి ‘మేము’

ఆ ఉదయం నాగాయలంకలో కామేశ్వరి పెసరట్లు వేస్తోంది. పట్నంలో చదువుకుంటూ సెలవులకొచ్చిన కూతురు హరిణి వసారాలో ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. తుఫాను హెచ్చరిక వస్తే జనం ఎలా భయపడతారో, ఎవరికోసం ఆగుతారో, ఎవరి వెంట పరుగెత్తుతారో కంప్యూటర్లో ఆడించి చూడటం ఆ పిల్ల పరిశోధన. అందుకోసం ఇంటింటికీ ఫారాలు పంచి నింపించుకొచ్చింది. తెర మీద ఒక్కో మనిషీ ఒక్కో చుక్క.

"మనిల్లు చూపించవే," అంది కామేశ్వరి ప్లేటు తెచ్చి పెడుతూ.

హరిణి మీట నొక్కింది. ఊళ్లోని చుక్కలన్నీ హైస్కూలు వైపు కదిలాయి. హరిణి తండ్రి శివరామయ్య మాస్టారి చుక్క అందరికంటే ముందే వాకిలి దాటింది. ఇంట్లో ఒక చుక్క మిగిలిపోయింది.

"అదెవరే?"

హరిణి తడబడింది. "నువ్వేనమ్మా. ఎవరెవరు కలిసి బయల్దేరతారు అన్నచోట నాన్న 'మేము' అని రాశారు. నీ పేరు లేదు. ఆయన ఒక్కరే అనుకుని ఎక్కించాను."

అందులో పిల్ల తప్పేం లేదు. ముప్ఫయ్యేళ్లు హెడ్మాస్టరుగా చేసిన మనిషి. "మేము భోంచేశాం" అన్నారంటే తానొక్కడే తిన్నట్టని ఊరంతటికీ తెలుసు.

వసారా చివర కూర్చున్న మాస్టారు చదువుతున్న పేపరు మడిచారు. "అక్కడ మేమంటే ఇద్దరం. ఆమాత్రం తెలుగు రాకపోతే ఎలా? సరిచెయ్యి."

"చెయ్యకు. సరిగ్గానే ఉంది. నిరుడు జరిగింది అదేగా," అంది కామేశ్వరి.

నిరుటి తుఫానుకి పంచాయతీవాళ్లు ట్రాక్టర్లు తెచ్చారు. మాస్టారు పెన్షన్ కాగితాల సంచీతో మొదటిది ఎక్కేశారు. గ్యాసు కట్టేసి, తలుపులు వేసి కామేశ్వరి బయటికొచ్చేసరికి అది మలుపు తిరిగిపోయింది.

"రెండో ట్రాక్టరులో వస్తావని..."

"నాతో చెప్పారా? ఒక్కసారి వెనక్కి చూశారా? నలభై రెండేళ్లు మీ మేములో నేనూ ఉన్నాననే అనుకున్నానండీ. మోసపోయాను."

మాస్టారు అలవాటుగా గొంతు పెంచబోయారు. "మేము అప్పుడు..." అని, ఆ మాట దగ్గరే ఆగిపోయారు.

"స్కూల్లో ఒకావిడ అడిగింది, మీవారేరీ అని. నాకు చోటు పట్టడానికి ముందే వచ్చారని చెప్పాను. మీరేమో పక్క గదిలో పాత స్టాఫుతో కూర్చుని టీ తాగుతున్నారు. ఆవిడ కంట పడతారేమోనని ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను, సాయంత్రం దాకా."

ఆ రోజు ఆమెను గుమ్మంలో చూసి, గదిలో ఉక్కపోసి గాలికి కూర్చుందనుకున్నారు మాస్టారు. ఇప్పుడు ఆయన పేపరు పక్కన పెట్టేశారు.

"భయమేసింది కామేశ్వరీ. మైకులో చెప్పగానే కాళ్లు వాటంతటవే వెళ్లిపోయాయి. నేనొక్కణ్ణే పారిపోయాను. నేనే."

తండ్రి నోట 'నేను' అన్నమాట హరిణి పుట్టి బుద్ధెరిగాక విన్నది అదే మొదలు.

"ఆ ముక్క ఆ రోజే అనుంటే, ఆ గుమ్మంలో ఎందుకు, మీ పక్కనే కూర్చునేదాన్ని కదండీ," అని కామేశ్వరి భోరున ఏడ్చేసింది. ఏడుస్తూనే వచ్చి ఆయన పక్కన కూర్చుంది.