‘ముందుకు’ అన్నదెవరు?

జాన్‌బీ వచ్చేసరికి కృపామణి అన్నం ముందు కూర్చుని ఉంది. నరసరావుపేటలో పెళ్ళి సంబంధాల ఆరాలు తీస్తూ బతికే ప్రైవేటు డిటెక్టివ్ గుమ్మంలోకి ఏడ్చేవాళ్ళు రావడం కొత్తేం కాదు. కానీ ఈ మనిషి ఏడవడం లేదు, నిలువునా వణికిపోతోంది. కృపామణి కంచం పక్కకు జరిపింది. సహాయకుడు రియాజ్ కుర్చీ వేసినా జాన్‌బీ కూర్చోలేదు.

"మా ఆయన చంపలేదమ్మా. ఆ మాట చెప్తే ఎవురూ వినట్లా."

ఆమె భర్త జమాల్ మెకానిక్. వెంకట్రామయ్యను చంపాడని పోలీసులు పట్టుకుపోయారు. ఆ చావు సంగతి అప్పటికే ఊరంతా పాకింది.

వెంకట్రామయ్యకు చిలకలూరిపేట రోడ్డులో పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. ఒక్కతే కూతురు హరిత. రెండేళ్ళ కిందట కారు ప్రమాదంలో ఆమెకు మెడ కింది నుంచి ఒళ్ళంతా చచ్చుబడింది. మంచం మీద నుంచే మిల్లు చూసుకొమ్మని తండ్రి ఈ వేసవిలో రోబో కొనిపెట్టాడు. అడుగున చక్రాల బండి, దాని మీద కడ్డీ, కడ్డీ మీద తెర ఉన్న తల. మూడూ క్లిప్పులు తీస్తే విడిపోతాయి, ఏ తల ఏ బండి మీదైనా పనిచేస్తుంది. ఇంట్లో హరిత నోటితో చెబితే మిల్లులో రోబో నడుస్తుంది, తెర మీద ఆమె ముఖం మాట్లాడుతుంది. బండి ముందు భాగంలో ఒక కన్ను ఉంది. మనిషి అడ్డమొస్తే బండి మూరెడు దూరంలో తనంతట తానే ఆగిపోతుంది.

తండ్రీకూతుళ్ళకు అదొక ఆట అయింది. రోజూ పొద్దున లారీలకు పత్తి బేళ్ళు ఎక్కించే అరుగు అంచున ఆయన నిలబడేవాడు. వెనక నుంచి ఆమె "ముందుకు" అనేది. రోబో దూసుకొచ్చి వీపు దగ్గర టక్కున ఆగేది. ఆయన వెనక్కి తిరక్కుండానే నవ్వేవాడు.

కిందటి సోమవారం అది ఆగలేదు. ఆయన తలకిందులుగా సిమెంటు నేల మీద పడ్డాడు, రోబో ఆయన పక్కనే పడింది. పాడు తెర పగిలినా బాగుండేది, పగల్లేదు. మెడ విరిగిన తండ్రికి ప్రాణం పోయేదాకా కూతురి ముఖం జానెడు దూరంలోనే ఉంది. నాన్నా, నాన్నా అని అరవడం తప్ప ఆ పిల్ల ఏం చేయగలదు?

బండి కన్నుకు నల్లటేపు అంటించి ఉంది. ఆ అంటింపు జమాల్‌దేనని అతని పక్క షాపులవాళ్ళే గుర్తుపట్టారు. పోలీసులకు ఇంతకన్నా ఏం కావాలి?

సబ్‌జైల్లో జమాల్ కృపామణికి దాచకుండా చెప్పాడు. టేపు తనదే, కానీ అంటించింది ఈ బండికి కాదు. వెంకట్రామయ్య మేనల్లుడు తేజకు చిలకలూరిపేటలో వేరే మిల్లుంది. మేనమామతో పాటు అతనూ అలాంటి రోబోనే కొన్నాడు. అక్కడ దూది పీచు ఎగిరి బండి అడుగడుక్కీ ఆగిపోతుంటే, కన్ను మూసెయ్యమని తేజే చెప్పాడట. అయితే పోలీసులు వెళ్ళి చూసేసరికి తేజ రోబోకు టేపు లేదు, ఎదురుగా నిలబడితే బుద్ధిగా ఆగుతోంది. బళ్ళ కింద అంటించిన నంబర్లు రెండింటికీ ఎప్పుడో చిరిగిపోయాయి. భయంతో ఏదో వాగుతున్నాడు పాపం అని తేజ జాలి కూడా పడ్డాడట.

కృపామణి మిల్లుకు వెళ్ళింది. పడిపోయిన రోబో గోడౌన్‌లో ఉంది. ఆమె బండిని వెల్లకిలా తిప్పి, క్లిప్పు గాడిలో పిన్నీసు పెట్టి గీకింది. కొనకు పచ్చగా ఏదో అంటింది. గ్రీజేమో అనుకున్నాడు రియాజ్. ఆమె దాన్ని కాగితంలో మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఆఫీసు ఊడ్చే గురవమ్మ గుమ్మం దగ్గర నిలబడి గొణుగుతోంది.

"ఈ ఏడు ఆయుధపూజ లేదుగా. హరితమ్మ వాళ్ళమ్మగారు ఆషాఢంలో పోయింది. ఏటిసూతకమని అయ్యగారు ఒక్క మిషనుకీ పసుపు ముట్టనియ్యలా. అందుకే అది రగతం తాగింది."

రియాజ్ నవ్వాపుకున్నాడు. కృపామణి మాత్రం ఆమెను కూర్చోబెట్టి చానాసేపు మాట్లాడింది. ఆదివారం సాయంత్రం మిల్లు మూసి ఉండగా తేజ కారులో వచ్చాడనీ, మామయ్య లేడంటే రోబో ఉండే ఆఫీసులో కాసేపు ఒక్కడే కూర్చుని పోయాడనీ తెలిసింది. ఒకప్పుడు హరితను చేసుకోవాల్సిన వాడు తేజే. ప్రమాదం తర్వాత సంబంధం వదిలేశాడు, మిల్లు మీద ఆశ మాత్రం వదల్లేదు. మిల్లు నడిపేది నా కూతురే అని వెంకట్రామయ్య నలుగురిలో చెప్పాక అతని ముఖం మాడిపోయిందట.

రియాజ్‌ను చిలకలూరిపేటకు పంపితే, తేజ రోబోకు దసరా బొట్లు ఇంకా ఉన్నాయని చెప్పాడు, తల మీద ఒకటి, కడ్డీ మీద మూడు.

"బండి మీద?"

"లేవక్కా. అక్కడ పెట్టలేదేమో."

కృపామణి అతని భుజం తట్టి ఎస్సైకి ఫోన్ చేసింది.

మర్నాడు పొద్దున అందరూ అదే అరుగు మీద చేరారు. ఎస్సై, చేతులకు బేడీలతో జమాల్, జాన్‌బీ, గురవమ్మ, తేజ. తేజ రోబోను తెప్పించి దాని కడ్డీకి హరిత తెర తగిలించారు. తెరలో ఆమె ముఖం పీక్కుపోయి ఉంది.

కృపామణి కాగితం విప్పింది. "ఇది పసుపు. వెంకట్రామయ్యగారిని తోసిన బండి గాడిలో దొరికింది. ఈ మిల్లులో ఈ ఏడు మిషన్లకు పసుపు ముట్టించిన వాళ్ళే లేరు. మరి ఎక్కడి నుంచి వచ్చింది?"

ఆమె తేజ రోబో దగ్గరకు నడిచింది.

"తేజగారికి ఏటిసూతకం లేదు. మేనల్లుడు కాబట్టి పూజ చేసుకున్నాడు. అందుకే ఆయన కడ్డీకి బొట్లున్నాయి, చూడండి. కింద బండికి ఒక్కటీ లేదు. పసుపు పూసేది ముందు చక్రాలకేగా, గురవమ్మా?"

"అవునమ్మా. చక్రాలకే ముందు."

"ఆదివారం ఈయన తన బండి కారులో తెచ్చి, ఈ మిల్లు బండి పట్టుకుపోయాడు. పైన కుంకుమ తుడిచాడు, గాడిలో పసుపు తుడవలేదు. జమాల్ నిజమే చెప్పాడు. కన్ను మూసిన బండి తేజదే. మామను చంపాలి, కూతురి చేతే చంపించాలి. తండ్రిని చంపుకున్న పిల్ల మళ్ళీ మిల్లు వైపు చూడదని ఈయన లెక్క."

తేజ రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. బుకాయిస్తాడనుకున్నారు. అతను తెర వైపు తిరిగాడు.

"బండి మార్చానే అనుకో. తోసింది నేనా? ముందుకు అన్నదెవరే?"

జాన్‌బీ చెవులు మూసుకుంది. అంత పాపిష్టి మాట ఆ అరుగు మీద ఎవరూ విని ఉండరు. తెరలో హరిత పెదవులు వణికి ఆగాయి.

"ముందుకు," అంది.

రోబో కదిలింది. తేజ వెనక అరుగు అంచు, కింద సిమెంటు. "ఆపండి, ఆపండి" అంటూ చేతులు అడ్డం పెట్టి అతను గొంతుక్కూర్చున్నాడు. రోబో మూరెడు దూరంలో టక్కున ఆగింది.

"ఇది మా నాన్న బండి, బావా," అంది హరిత. "ఆగుద్ది."

పోలీసులు తేజను జీపెక్కించారు. జమాల్‌కు బేడీలు తీశారు. జాన్‌బీ అతని మణికట్లు పట్టుకుని అప్పుడు ఏడ్చింది. నిజం తేలింది కదా, ఇక ఆ అమ్మాయి మనసు తేలికపడుతుంది కదా అన్నాడు రియాజ్. కృపామణి పసుపు కాగితం మడిచి ఎస్సై చేతిలో పెట్టింది.

అందరూ వెళ్ళబోతుంటే తెరలోంచి హరిత పిలిచింది.

"జమాల్ భాయ్, నన్ను ఆఫీసు బల్ల మీద పెట్టు. మిల్లు అక్కణ్ణించే చూసుకుంటా."

"బండి బాగానే ఉందమ్మా. రేపట్నుంచి మామూలుగా తిరగొచ్చు."

"వద్దు. ఆ మాట మళ్ళీ నా నోటెంట రాదు. కాళ్ళు తీసెయ్."

జమాల్ వంగి క్లిప్పులు తీశాడు.